గీత గీసింది ఎవలు? సినిమాల కనవడని అల్లూరి కథ

అల్లూరి సీతారామరాజు అనంగనే కండ్ల ముందటికి ఏమొస్తది? కాషాయం బట్టలు, గడ్డం, చేతుల విల్లు. గా బొమ్మను మనకు ఇచ్చింది సినిమానే. 1974ల కృష్ణ సినిమా ఆ బొమ్మను ఊరూరికి తెచ్చింది. 2022 మార్చిల వచ్చిన ఆర్ఆర్ఆర్ దాన్ని దేశాలు దాటించింది. కానీ ఆర్ఆర్ఆర్‌ల ఒక సంగతి మీరు గమనించిన్రో లేదో. అండ్ల రామరాజు ముందుగాల కనవడేది పోలీసు యూనిఫామ్‌ల. వేలమంది జనం మీద ఒక్కడే లాఠీ పట్టుకొని దుంకి, ఒక్క మనిషిని పట్టుకొచ్చే ఆఫీసరు. కథ కల్పితమని సినిమావాళ్లే చెప్పిన్రు కాబట్టి దాంతోని నాకు పంచాయితీ లేదు. సినిమా నాక్కూడా నచ్చింది.

నా బాధ వేరే. అసలు రాజు బతుకంత పోలీసు నిఘా కిందనే గడిచింది. ఆయన మొట్టమొదట దాడి చేసింది పోలీసు స్టేషన్ల మీదనే. ఆయన పానం తీసింది కూడా సర్కారు తుపాకే. వీటన్నిటికి వెనుక ఒక చట్టం ఉండె, మ్యాపు మీద గీసిన ఒక గీత ఉండె. గీతకు ఇవతల ఒక న్యాయం, అవతల ఇంకొక న్యాయం. ఆ గీత ఏ సినిమాల కనవడదు.

నేను ఫిల్మ్‌నగర్‌ల ఆర్ట్ డిపార్ట్‌మెంట్ల పనిచేస్త. ప్లైవుడ్డు, థర్మాకోల్‌తోని పోలీసు స్టేషన్లు, కోర్టులు, కొండ గూడేలు కట్టుడు మా పని. ఎనుకటి కాలం సెట్టు వేయాల్నంటే ఎనుకటి సంగతులు చదవాలె. గట్ల చదువుకుంట పోతే నాకు దొరికిన రాజు, పోస్టర్ మీది రాజు కన్నా పెద్దోడు అనిపించిండు. ఆయన కథను ఆ గీత పొంటి నడుచుకుంట చెప్త.

కొండకు రాకముందు

1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిల, తాత ఇంట్ల పుట్టిండు. సొంతూరు పశ్చిమ గోదావరిల మోగల్లు. నాయిన వెంకటరామరాజు ఫొటోలు తీసేటోడు. తల్లి సూర్యనారాయణమ్మ. పిలగాడు ఇంకా బడిల ఉండంగనే నాయిన సచ్చిపోయిండు. చిన్నాయిన రామకృష్ణంరాజు తాసిల్దారు, ఆయన పెద్దదిక్కు అయిండు. నర్సాపురంల టేలర్ హైస్కూల్ల చదివిండు, విశాఖల ఏవీఎన్ కాలేజీల చేరిండు. చదువు పూర్తి కాలే. తీర్థాలు తిరుగుకుంట ఉత్తరాది దాక పోయొచ్చి, 1917 సుమారుల క్రిష్ణదేవిపేట దగ్గర కుదురుకున్నడు. పూజలు చేసుకుంట, మూలికల మందులిచ్చుకుంట, జాతకాలు చెప్పుకుంట గడిపిండు.

అంటే ఈయన కొండల పుట్టినోడు కాదు, గిరిజనుడు కాదు. మైదానం నుంచి వచ్చిన క్షత్రియుల పిలగాడు. చిన్నాయిన లెక్కనే సర్కారు కొలువు చూసుకుంటే హాయిగ బతికెటోడు. గీతకు ఇవతల పుట్టి, అవతలోళ్ల దిక్కు నిలవడ్డడు. నాకు ఆయనల అన్నిటికన్న పెద్ద సంగతి ఇదే.

గీత అంటే ఏంది?

ఏజెన్సీ అనే మాట మనం రోజూ వింటం. అది ఎక్కడ్నుంచి వచ్చిందో ఎన్నడన్న ఆలోచించిన్రా? 1839ల ఇంగ్లీషోళ్లు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల కోసం ఒక చట్టం తెచ్చిన్రు. మైదానంల నడిచే మామూలు కోర్టులు, మామూలు చట్టాలు కొండల మీద నడవయని తీసేసిన్రు. ఆ జాగ మొత్తాన్ని కలెక్టర్ చేతుల పెట్టిన్రు. కలెక్టర్ ఆడ గవర్నర్‌కు ఏజెంటు. ఆ ఏజెంటు ఏలే జాగ కాబట్టి ఏజెన్సీ. శిస్తు వసూలు చేసేది ఆయనే, తగువు తీర్చేది ఆయనే, శిక్ష వేసేది ఆయనే. పట్టుకున్నోడే తీర్పు చెప్తే ఇగ ఎవనికి మొర పెట్టుకుంటరు? 1874ల షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చి, గసుంటి జాగలన్నిటిని దేశమంత ఒక్క పద్దు కిందికి తెచ్చింది.

అమాయకులైన కొండ జనాన్ని కాపాడనీకె, శాంతి భద్రతలు నిలవెట్టనీకె ఇదంత అని చెప్పిన్రు. పేరు ఎప్పుడైన మంచిగనే ఉంటది. పని ఎట్లున్నదో చూడాలె.

1879ల రంప కొండలల్ల లొల్లి లేసింది. కారణం కల్లు. కొండోళ్లు తమ ఈత చెట్టు, జీలుగు చెట్టు కల్లు తాము తాగితే దాని మీద చిగురు పన్ను వేసిన్రు, మీదికెళ్లి ఆబ్కారి గుత్తేదారులను దింపిన్రు. వాళ్ల ఎంబడి పోలీసులొచ్చిన్రు. 1882ల మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల కాలం నుంచి పోడు కొట్టుకొని బతికిన జాగ రిజర్వు అడవి అయింది. నిన్నటిదాక యవుసం అన్నది తెల్లారేసరికి నేరం అయింది. కట్టెకు భయం, కంకకు భయం, మేకను తోలుకపోతే భయం. ఊర్ల పెద్దరికం చేసే ముఠాదార్ల అధికారం కూడా గుంజుకుంట పోయిన్రు.

1920 నాటికి గూడెంల బాస్టియన్ అనే డిప్యూటీ తాసిల్దారు ఉండె. నర్సీపట్నం దిక్కు నుంచి కొండ మీదికి రోడ్డు వేయనీకె మన్యం జనంతోని వెట్టి చేయించిండు. కూలి సక్కగ ఇయ్యలే. అడిగితే దెబ్బలు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములసుంటోళ్లు ఆ అధికారుల చేతులనే నలిగినోళ్లు. అర్జీ పెట్టుకోవాల్నంటే పైన ఉన్నది మళ్ల అదే ఏజెంటు కచేరి. గీత లోపల చట్టం ఉన్నది, కానీ చట్టాన్ని అడిగే తొవ్వ లేదు.

అనుమానం చాలు

రాజు మొదలు చేసిన పని తుపాకి పని కాదు. సహాయ నిరాకరణ గాలి అప్పుడు కొండల దాక తగిలింది. తాగుడు మానుకోమన్నడు. తగువులుంటే కోర్టుకు పోవద్దు, ఊర్లనే పంచాయతీ పెట్టుకోమన్నడు. గీ రెండు మాటలకే సర్కారుకు భయమైంది. తాగుడు మానితే ఆబ్కారి పైసలు రావు, కచేరికి పోకుంటే అధికారికి విలువుండదు.

1922 మొదట్ల అనుమానం మీద పోలీసులు ఆయనను పట్టుకపోయి విచారించిన్రు. ఏ నేరం చేసిండని? రుజువేమీ లేదు. అయినా కండ్లు ఆయన మీదనే పెట్టిన్రు. ఎటు పోవాలన్నా వాళ్ల ఎరుకల ఉండాలె. ఫజులుల్లాఖాన్ అనే డిప్యూటీ కలెక్టర్ జర మంచిగ చూసి పైడిపుట్టల భూమి ఇప్పించిండు. అండ్ల మర్యాద ఉన్నది, కండ్ల ముందట ఉంచుకునే ఉపాయం కూడా ఉన్నది. గీత లోపల మనిషి అనుమానితుడు కావాల్నంటే తప్పు చేయాల్సిన పని లేదు, ఆడ ఉంటే చాలు.

అటెన్క అయింది మీకెరుకే. 1922 ఆగస్టు 22న మూడువందల మంది దాక ఎంబడి పెట్టుకొని చింతపల్లి స్టేషన్ మీద పడ్డడు. 23న క్రిష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు దినాలల్ల మూడు స్టేషన్లు, 26 తుపాకులు. రాజవొమ్మంగిల బందీగ ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించిండు. తీసుకున్న తుపాకుల లెక్క రాసి, కింద సంతకం పెట్టి పోయిండు. దొంగ లెక్క తీసుకపోలే, పద్దు రాసి తీసుకపోయిండు. అడ్డతీగల మీదికి పోయేటప్పుడు ముందుగాలనే కబురు చెప్పి పోయిండు.

ఎందుకు స్టేషన్లే? మన్యం మనిషికి సర్కారంటే గవర్నర్ కాదు, మద్రాసు కౌన్సిల్ కాదు. స్టేషనే సర్కారు. వెట్టికి పట్టుకపోయేది ఆడికే, కొట్టేది ఆడనే. అందుకే దెబ్బ ఆడ పడ్డది.

సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్ల స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల ఆఫీసర్లు సచ్చిపోయిన్రు. ముందు నడిచిన మన దేశపు సిపాయిలను రాజు మనుషులు వదిలేసిన్రు. పొట్ట కోసం యూనిఫామ్ వేసుకున్నోనికి, ఉత్తర్వు ఇచ్చినోనికి ఫరక్ ఉంటదని ఆ కొండ మీద ఉన్నోళ్లకు ఎరుకే.

అన్నం పెట్టుడు నేరమైన దినాలు

అప్పటిసంది సర్కారు ఒక మనిషిని ఎతుకుడు బంద్ చేసి, ఒక ప్రాంతాన్ని మొత్తం ముట్టడించింది. మలబారు స్పెషల్ పోలీసు దిగింది. 1922 డిసెంబర్ల పెద్దగడ్డపాలెం దగ్గర రాజు మనుషులు శానమంది నష్టపోయిన్రు. రాజు తల మీద 10,000 రూపాయలు పెట్టిన్రు. 1923 ఏప్రిల్ల ఆయన అన్నవరం కొండకు వచ్చి సత్యనారాయణస్వామిని మొక్కి పోయిండు. ఎవరూ పట్టియ్యలే. అదే ఏడాది మల్లుదొర దొరికిండు. 1924 మొదట్ల అస్సాం రైఫిల్స్ పటాలం వచ్చింది. రూథర్‌ఫర్డ్ అనే కలెక్టర్‌ను ప్రత్యేక కమిషనర్‌గ దింపిన్రు.

పటాలం కన్న ఎక్కువ బాధ పెట్టింది ఊర్ల మీద ఒత్తిడి. బుక్కెడు అన్నం పెట్టినోడు నేరస్తుడు, ఆచూకి చెప్పనోడు నేరస్తుడు. అప్పటి 1861 పోలీసు చట్టంల 15వ సెక్షన్ అని ఒకటుండె. సర్కారు ఒక జాగను కల్లోలిత ప్రాంతమని ప్రకటిస్తే ఆడికి అదనపు పోలీసులను పంపొచ్చు. ఆ పోలీసుల ఖర్చు ఎవరు కట్టాలె? ఆ జాగల ఉన్న జనమే. దెబ్బలు తినేది మనమే, కట్టెకు పైసలిచ్చేది కూడా మనమే. దేశమంత ఈ సెక్షన్ను ఊర్లను లొంగదీయనీకె వాడిన్రు. ఒక్కడు చేసిన పనికి ఊరంత శిక్ష అనుభవించాలె అన్నదే దాని తాత్పర్యం.

రాజు ఆఖరుకు మంప దగ్గర దొరికిండు. 1924 మే 7. కొయ్యూరుల మేజర్ గుడాల్ ముందట పెట్టిన్రు. కోర్టు లేదు, వకీలు లేడు, విచారణ లేదు. చెట్టుకు కట్టేసి కాల్చిన్రని జనం చెప్పుకుంటరు. కాగితాలల్ల మాత్రం తప్పించుకొని పోబోయిండు కాబట్టి కాల్చాల్సి వచ్చిందని రాసుకున్నరు. ఆయనకు 27 ఏండ్లు కూడా నిండలే. క్రిష్ణదేవిపేటల దహనం చేసిన్రు. తర్వాతి నెల గంటందొర కూడా కాల్పులల్ల పోయిండు. మల్లుదొరకు ఉరిశిక్ష వేసి, దాన్ని తగ్గించి అండమాన్ పంపిన్రు. ఆ మల్లుదొరనే 1952ల విశాఖ నుంచి గెలిచి పార్లమెంటుల కూసున్నడు. మీరు ఆర్ఆర్ఆర్‌ల చూడని క్లైమాక్స్ ఇది. నా లెక్కల విల్లు పట్టుకొని ఎగిరే సీను కన్న ఇదే పెద్ద సీను.

తెల్లోళ్లు పోయిన్రు, గీత పోలే

గుడాల్ పోయిండు, రూథర్‌ఫర్డ్ పోయిండు. గీత మాత్రం ఉన్నది. 1948ల మద్రాసు సర్కారు కల్లోలాల అణచివేత చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ అయినంక అదే చట్టం మన దగ్గరికి వచ్చింది. ఒక జాగను కల్లోలిత ప్రాంతమని గెజిట్ల ప్రకటిస్తే సాలు, ఎస్సై స్థాయి అధికారి కూడా శాంతి కోసం అవసరమనుకుంటే పానం పోయేటట్లు కాల్చొచ్చు. 1969ల శ్రీకాకుళం ఏజెన్సీ మీద దాన్ని వాడిన్రు. 1978 అక్టోబర్ 20న మన కరీంనగర్ జిల్లాల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. అంతకు ముందు నెలల్నే జగిత్యాల జైత్రయాత్ర అయింది. వెట్టి చేయమని, దొర ముందు చెప్పులు విడువమని కూలీలు, పాలేర్లు చెప్పిన ఏడాది అది.

ఆ దిక్కు ఊర్లున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇంట్ల తాతను, అవ్వను జర అడిగి చూడున్రి. పొద్దుమూకంగ క్యాంపు పోలీసులు వస్తే ఎట్లుండెనో వాళ్లు చెప్తరు. 1924ల మన్యంల అన్నం పెట్టినందుకు దెబ్బలు తిన్నోళ్ల కథ, 1978ల మన అవ్వల కథ వేరే వేరే కాదు.

ఆర్ఆర్ఆర్‌ల రెండో వీరుడు కొమురం భీం సంగతి కూడా గంతే. ఇద్దరూ నిజంగ ఎన్నడూ కలువలే. భీం కొట్లాట నిజాం రాజ్యంల, 1940ల జోడేఘాట్ల ముగిసింది. ఆడ గీత పేరు రిజర్వు అడవి. గీత దాటి గోండ్లు దున్నుకుంటే చౌకీదారొచ్చి గుడిసె కాలవెట్టొచ్చు. సినిమా ఇద్దరిని దోస్తులను చేసింది. ఇద్దరినీ నిజంగ కలిపింది మాత్రం ఆ గీతనే.

అట్లని గీతలన్ని చెడ్డయి అని నేను అనను. స్వాతంత్ర్యం వచ్చినంక రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద అదే ఏజెన్సీని మళ్ల గీసింది. ఈసారి పని మారింది. 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను 1970ల సవరించి మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే కట్టడి చేసిన్రు. ఏజెన్సీల భూమిని గిరిజనేతరులు కొనొద్దు. ఎనుకటి గీత బలహీనుని కాళ్లు కట్టేసింది, ఈ గీత బలవంతుని చేతులు కట్టేసింది. అందుకే ఏ గీతనైన చూసినప్పుడు అది ఎవల చేతులు కడుతున్నదో చూడాలె.

ఇప్పటి పట్నం సంగతి

ఇగ ఇప్పటి హైదరాబాద్‌కు వస్త. ఉమ్మడి రాష్ట్రంల 2013ల ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. మంది జమయ్యే దుకాణాలు, హాళ్లు, దవాఖానలు సీసీ కెమెరాలు పెట్టాలె, 30 దినాల రికార్డు దాచాలె, అడిగితే పోలీసులకు ఇయ్యాలె. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12ల అద్దాల బురుజుల లెక్క కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచిన్రు. 2024 అక్టోబర్ల హైదరాబాద్, సికింద్రాబాద్‌ల నెలదినాలు గుంపులు, ధర్నాలు, ర్యాలీలు బంద్ అని ఉత్తర్వు వచ్చింది. ఇందిరాపార్క్ ధర్నాచౌక్ ఒక్కటే మినహాయింపు. నిజాం కాలంల 1348 ఫసలీల చేసిన పట్నం పోలీసు చట్టం ఇప్పటికీ నడుస్తనే ఉన్నది.

రెండో దిక్కు కూడా చెప్పాలె, లేకుంటే అన్యాయమైతది. రాత్రి షూటింగు అయిపోయి ఒంటరిగ పోయే జూనియర్ ఆర్టిస్టు చెల్లెకు గల్లిల కెమెరా ఉంటే ధైర్యం. జూబ్లీహిల్స్ రోడ్ల మీద తాగి కారు నడిపేటోన్ని ఆపకుంటే పానాలు పోతయి. షీ టీమ్స్ వచ్చినంక ఆడిపిల్లలు ఫిర్యాదు చేయనీకె ముందుకొస్తున్నరు. భద్రత కావాలె. పోలీసు కావాలె. దాంట్ల రెండో మాట లేదు.

కానీ ఒక ఫరక్ చూడున్రి. తెల్లారగట్ల బస్తీని నాలుగు దిక్కుల మూసి, ఇల్లిల్లు తిరిగి ఆధార్ కార్డులు, బండి కాగితాలు చూసుడును కార్డన్ సెర్చ్ అంటరు. పట్నంల పేదోళ్ల బస్తీలల్ల గివి ఏండ్ల సంది నడుస్తున్నయ్. జూబ్లీహిల్స్ల ఎత్తు గోడల బంగ్లాలున్న రోడ్డును గట్ల మూసి ఇల్లిల్లు ఎతికిన్రని మీరు ఎన్నడన్న విన్నరా? ఫిల్మ్‌నగర్ల ఒక దిక్కు స్టూడియోలు, క్లబ్బులు. గుట్ట కింద గుడిసెలు, రేకుల ఇండ్లు. లైట్‌మెన్లు, డ్రైవర్లు, సెట్టు వడ్రంగులు ఉండేది ఈడనే. మనసుంటి ఊర్ల నుంచి కొలువు కోసం వచ్చినోళ్లే. ఒక్క గుట్ట, ఒక్క స్టేషన్, గీత మాత్రం రెండు తీర్లు. చెకింగు మంచిదే అయితే అందరికి చేయాలె.

ఇంకొక మాట. తప్పించుకోబోయిండు కాబట్టి కాల్చినం అనే సంజాయిషీ కొయ్యూరుల ఆగలే. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిల నలుగురు నిందితులు పోలీసుల చేతుల సచ్చిపోయిన్రు. వాళ్ల మీద ఉన్న ఆరోపణ ఘోరమైంది, ఆ బిడ్డకు జరిగింది తలుసుకుంటే కడుపు రగులుతది. అందుకే ఊరంత పటాకులు కాల్చింది, సినిమావాళ్లు శానమంది శభాష్ అన్నరు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ విచారించి, కావాలనే చంపాలని కాల్చిన్రని, నలుగుర్ల ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ నడవాలని రాసింది. సంగతి హైకోర్టు దాక పోయింది. నేరం చేసినోనికి శిక్ష పడాలె. కానీ ఆ శిక్ష కోర్టు వేయాలె. కొయ్యూరు కాల్పులకు కండ్లల్ల నీళ్లు పెట్టుకొని, చటాన్‌పల్లి కాల్పులకు చప్పట్లు కొడితే, మనకు రాజు కథ ఎక్కలేనట్టే. రాజు మంచోడు కాబట్టి విచారణ లేకుండ చంపుడు తప్పు కాలే. విచారణ లేకుండ చంపుడే తప్పు.

విగ్రహం కాదు, కాగితం చూడాలె

2022 జూలై 4న భీమవరంల 30 అడుగుల కంచు విగ్రహం పెట్టిన్రు. పాడేరు కేంద్రంగ ఆయన పేరు మీద జిల్లా అయింది. మంచిదే. దండేసుడు అల్కగనే ఉంటది. ఆయన అడిగిన సవాలు అడుగుడే కష్టం.

అందుకే ఊర్లల్ల ఫోన్ పట్టుకొని ఇది చదివే పోరగాండ్లకు ఒక పని చెప్త. రేపు మీ మండలంలనో, మీరు చదువుకునే పట్నంలనో భద్రత పేరు మీద ఫలానా ప్రాంతంల ఫలానా ఆంక్షలు అని ఉత్తర్వు వస్తే, వాట్సాప్ల ముక్క చూసి వదిలేయకున్రి. ఉత్తర్వు కాగితం మొత్తం సంపాయించి చదువున్రి. ఏ చట్టం కింద ఇచ్చిన్రు? ఎక్కడి నుంచి ఎక్కడిదాక? ఏ తారీకుకు అయిపోతది? ఎనుకటి 144, ఇప్పటి 163 సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఇచ్చే ఉత్తర్వు రెండు నెలలు దాటి నడవదు, రాష్ట్ర సర్కారు పొడిగించినా ఇంకో ఆరు నెలలే. ఎవర్నన్న అరెస్టు చేస్తే 24 గంటలల్ల మేజిస్ట్రేట్ ముందట పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తది. తారీకు లేని అధికారం, అడిగేటోడు లేని అధికారం కనవడితే సర్పంచ్‌ను, ఎమ్మెల్యేను, లోకల్ విలేకరిని అడుగున్రి. ఉత్తర్వు నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టున్రి. వకీలుకు పైసలు లేకుంటే మండల న్యాయ సేవల కమిటీ దగ్గరికి పోవచ్చు.

రాజుకు ఈ తొవ్వలు లేకుండె. 1839ల గీసిన గీత వాటన్నిటిని మూసేసింది, అందుకే ఆయన తుపాకి దాక పోయిండు. మనకు ఉన్నయ్. ఉన్న తొవ్వల నడవకుంట, ఆయన బొమ్మను డీపీ పెట్టుకుంటే ఏం ఫాయిదా? ఉత్తర్వు వచ్చిన దినం అడగకుంటే, ఆంక్ష అలవాటైపోతది. అలవాటైనంక దాన్ని తీసేయనీకె మన పిల్లలు కొట్లాడాల్సి వస్తది.